ఆరడుగుల దూరంలో బల్ల

పాల కేంద్రం క్వార్టర్స్
ఫిబ్రవరి 11

బుల్లిముక్కుకు,

నాలుగు రోజుల నుంచి ముసురు పట్టింది. తూర్పు రూటు బండి బురదలో దిగబడి ఈరోజు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. మొత్తం రెండు వందల పన్నెండు క్యాన్లు. అన్నిటి మూతలూ తీసేసరికి పదకొండున్నర దాటింది. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. క్యాన్లు కడిగే బాబాయి ఆవిరి గొట్టం దగ్గర చేతులు కాచుకోమని పిలిచాడు గానీ నేను వెళ్ళలేదు.

అసలు సంగతి రాస్తాను. మన టెస్టర్‌కి బదిలీ అయింది. మే నెల మధ్యలో వెళ్ళిపోతాడు. మేనేజరు గారు నన్ను పిలిచి, “మీ చెల్లెలు చదివింది కెమిస్ట్రీయేగా? ఇంకెవరో ఎందుకు?” అన్నారు. ఈ పిల్లయితే నాకెంతో నయం అని కూడా అన్నారు. నీ చదువు ఏప్రిల్‌తో అయిపోతుంది. దరఖాస్తు ఫారం మే పదో తారీఖులోపు ఇక్కడికి చేరాలి.

టెస్టర్ బల్ల నీకు తెలిసిందే. నేను నిలబడే అరుగుకి ఆరడుగుల దూరం. నేను మూత తీసి వాసన చూసి, అనుమానం ఉన్న క్యాన్ పక్కన పెడితే, అందులోంచి కాసిన్ని పాలు తీసి గాజు గొట్టంలో కాచి, విరుగుతాయో లేదో చూడాలి. నీ చదువుకి అది చిన్న పనే. కానీ క్వార్టర్ ఇస్తారు. మన గోడ పక్కదే. రెండు గదులు, వెనక కుళాయి. వదిన గోడ మీద నుంచే గిన్నె అందించవచ్చు అంటోంది.

చలికి నీ బొంత, రెండు స్వెట్టర్లు పార్సిల్‌లో పంపాను. శుభ్రంగా మడిచిపెట్టాను.

ఆఫీసు ఫోనుకి చేయకు. మేనేజరు గారు పేపరు చదువుతున్నట్టు పట్టుకుని చెవులు ఇటు వేస్తారు. ఉత్తరం చాలు.

అన్నయ్య

*

హాస్టల్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 27

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఊళ్ళో లేను. నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. రేవు ఊళ్ళో నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో ఉద్యోగానికి పిలిస్తే వెళ్ళాను. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరాను.

అక్కడి ల్యాబ్ మేడం ప్రశ్నలేవీ పెద్దగా అడగలేదు. బల్ల మీద ఏడు గ్లాసుల నీళ్ళు పెట్టి, “చూసి చెప్పు” అంది. ఒకటి తుప్పు పట్టిన గొట్టంలోది, ఒకటి కొత్తగా సున్నం కొట్టిన తొట్టిలోది, ఒకదాంట్లో క్లోరిన్ మందు ఎక్కువైంది అని చెప్పాను. మిగతా నాలుగూ మంచివే.

“ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అంది.

“ఇంట్లోనండి.”

“ఇంట్లో ఏం చేస్తారు?”

“వాసన చూస్తారండి.”

ఆవిడ నవ్వింది. నిజమే చెప్పానని ఆవిడకి తెలియదు. నాన్న మనిద్దరినీ అరుగు మీద నిలబెట్టి, కళ్ళు మూయించి మూతలు వాసన చూపించేవాడు కదా. అది ఇలా పనికొచ్చింది.

ఉద్యోగం ఇస్తామని అక్కడే చెప్పారు. మే పదకొండు లోపు వస్తానో రానో చెప్పాలి. జీతం అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. వస్తూ వస్తూ ఒక గది కూడా చూశాను. కింద పరుపుల కొట్టు, పైన గది. కొట్టు నడిపే ఆవిడే ఇంటావిడ. “వంట చేసుకో, పాటలు పెట్టుకో, ఎవరైనా వస్తే రానీ. గోడకి మేకు కొట్టావంటే మాత్రం ఊరుకోను” అంది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. మెడ సాచి చూస్తే ఓడలకి సరుకెత్తే క్రేను ముక్క కనిపిస్తుంది. గది బాగుందో లేదో నాకు తెలియలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. రెండు గడువులకీ ఒక్క రోజే తేడా.

పార్సిల్ అందింది. బొంత మాత్రం కిరసనాయిలు కంపు. పార్సిల్ ఆఫీసులో ఏ డబ్బానో ఒలికి ఉంటుంది. మూడు రోజులుగా డాబా మీద ఆరేశాను. పక్క గది వాళ్ళు మీ ఇంట్లో దీపాల కొట్టుందా అని అడుగుతున్నారు.

చెల్లి

*

పాల కేంద్రం క్వార్టర్స్
మార్చి 12

బుల్లిముక్కుకు,

ఎండలు మొదలయ్యాయి. క్యాన్లు ఇక ఎనిమిది లోపే దించాలి. ఈరోజు నూట తొంభై.

రేవు ఊరు సంగతి చదివాను. సముద్రం గాలికి ఇనుమే నిలవదు, నువ్వెలా నిలుస్తావు? పరుపుల కొట్టు మీద గది అంటున్నావు. ఏ చుట్ట పీకో పడితే మొదట కాలేది అదే. ఇక్కడ గోడ కొడితే వదిన పలుకుతుంది. నేను బలవంతం చేయను. నువ్వే ఆలోచించుకో. కాకపోతే ఇంట్లో బల్ల వేసి ఉంచి ఊరి మీద పడి తినడం ఎందుకు అని.

మంగళవారం పంపిన ట్యాంకర్‌ని పెద్ద డెయిరీ వాళ్ళు తిప్పి పంపారు. పాలు పులిశాయట. ఆరు వేల లీటర్లు వెనక బంజరులో పారబోశాం. తెల్లగా మడుగు కట్టింది. రెండు రోజులు అటు కుక్కలు కూడా పోలేదు. క్యాన్లకి ఆవిరి సరిగ్గా పట్టలేదని బాబాయి మీద రాశారు. పై ఆఫీసు నుంచి విచారణకి వస్తారట.

వదిన నిన్న కొత్త సబ్బు తెచ్చింది. పచ్చ రంగు. బాగుంది.

ఫారం ఇంకా రాలేదు. రాగానే పంపిస్తాను.

అన్నయ్య

*

హాస్టల్
మార్చి 24

అన్నయ్యకు,

పరీక్షల తేదీలు వచ్చాయి. ఏప్రిల్ ఇరవై ఎనిమిదితో అన్నీ అయిపోతాయి. ముప్పైకల్లా గది ఖాళీ చేయాలి. ఆ తర్వాత పది పదిహేను రోజులు మా సీనియర్ గదిలో ఉండనిస్తుంది.

ఒకటి అడుగుతాను. మనింట్లో వాసన సబ్బు ఎప్పుడు వాడారు? నాన్న ఉన్నన్నాళ్ళూ బట్టల సబ్బుతోనే స్నానం. అమ్మ తలకి నూనె రాయాలన్నా ఆదివారమే. ఉల్లిపాయ కోస్తే పెరట్లో కోయాలి. నాన్న పోయాక ఆ పని నీకొచ్చింది, నువ్వు నాన్న కంటే ఎక్కువ చేశావు. నేను మొదటిసారి హాస్టల్ నుంచి పౌడరు రాసుకుని వస్తే గుమ్మంలోనే ఆపి, “ముందు ఆ తోట కడుక్కునిరా” అన్నావు. ఏడ్చాను కూడా. ఇప్పుడు సబ్బు రంగు చెప్పి బాగుందంటున్నావు.

దాని వాసన ఏంటి?

ఇంకొకటి. బొంత విప్పి చూశాను. కిరసనాయిలు పైన లేదు. లోపలి మడతలో ఉంది. మడిచేటప్పటికే తడిసి ఉంది.

బాబాయి మీద ఎలా రాశారు?

చెల్లి

*

పాల కేంద్రం క్వార్టర్స్
ఏప్రిల్ 6

బుల్లిముక్కుకు,

ఎండ బాగా ఉంది. నూట డెబ్బై ఆరు.

సబ్బు వాసన సబ్బులాగే ఉంది. బొంత సంగతి నాకు తెలియదు. ఉతికితే పోతుంది.

ఫారం జత చేశాను. గుర్తు పెట్టిన మూడు చోట్ల సంతకం పెట్టి పంపు. ఆలస్యం చేయకు.

అన్నయ్య

*

హాస్టల్
ఏప్రిల్ 15

అన్నయ్యకు,

ఫారం అందింది. సంతకం పెట్టలేదు.

నీ ఉత్తరం ఆరు వరసలుంది. నేను పుట్టాక నువ్వు నాకు ఆరు వరసలే రాయడం ఇదే మొదలు. హాస్టల్లో వేసినప్పుడు మంచం ఏ గోడకి వేసుకోవాలో రెండు పేజీలు రాశావు.

బాబాయి గురించి నువ్వేమీ రాయలేదు. నేను రాస్తాను. బాబాయి క్యాన్‌ని గొట్టం మీద బోర్లించి పైకి లెక్కపెడతాడు. ముప్పై అననిదే దించడు. ఒకసారి పదిహేడు దగ్గర మేనేజరు పిలిస్తే, ఏంటండీ అని అడిగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నువ్వూ నేనూ అరుగు కింద కూర్చుని నవ్వాం. అలాంటి మనిషి క్యాన్లకి ఆవిరి పట్టలేదంటే నేను నమ్మను. నువ్వు నమ్ముతావా?

పాలు ముందు నీ ముందుకే వస్తాయి. మూత తీసేది నువ్వు. ఆ రోజు నువ్వు ఎలా వదిలావు?

నీకు వాసన తెలియడం లేదు కదా.

అవునో కాదో రాస్తే తప్ప ఫారం ముట్టుకోను.

చెల్లి

*

పాల కేంద్రం క్వార్టర్స్
ఏప్రిల్ 24

బుల్లిముక్కుకు,

ఔను.

డిసెంబరులో జ్వరం వచ్చింది కదా, నీకు జలుబని రాశాను. పదకొండు రోజులు పడుకున్నాను. లేచాక ఏమీ లేదు. మొదట ముక్కు దిబ్బడ అనుకున్నాను. దిబ్బడ పోయింది, వాసన రాలేదు. ఆసుపత్రిలో చూపించుకున్నాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

వదిన పుట్టింటికి వెళ్ళినప్పుడు నీ మూట నేనే కట్టాను. మంచం కింద డబ్బా కారుతోందని తెలియలేదు. ఆమె వచ్చాక గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. అప్పటికి పార్సిల్ వెళ్ళిపోయింది. ఆ పచ్చ సబ్బు కూడా కావాలనే తెచ్చింది, నేను తిడతానేమో చూద్దామని. నేను ఒళ్ళు రుద్దుకుని వచ్చాను. ఆమె ఆ సబ్బు తీసి గూట్లో పెట్టి, వెళ్ళి పీట మీద కూర్చుంది.

పని ఎలా చేశానంటావా? ముక్కు చూడని పని కళ్ళతో చూశాను. పాలు పులిశాయంటే బండి తోలినవాడికి దారిలోనే తెలుస్తుంది. నేను ఆ మూత మీద చెయ్యి వేయగానే వాడు పక్కకి చూస్తాడు. లేదంటే బీడీ కోసం జేబులు తడుముకుంటాడు. ఉత్తరం వైపు రూటు వాడైతే ఆ రోజు నన్ను అన్నా అని పిలుస్తాడు, మామూలుగా పిలవడు. క్యాన్ పక్కన పెట్టేవాణ్ణి. టెస్టర్ కాచి చూస్తే విరిగేవి. మూడు నెలలు ఒక్క ట్యాంకరూ వెనక్కి రాలేదు. నా ముక్కు మునుపటికన్నా పదునెక్కిందని మేనేజరు గారు నలుగురిలో అన్నారు కూడా.

మార్చిలో తూర్పు రూటుకి కొత్త డ్రైవరు వచ్చాడు. రుబ్బురోలు పొత్రం లాంటి మొహం. పాలు పులిసినా అదే మొహం, వాడి పెళ్ళాం కొడుకుని కన్నా అదే మొహం. ఆ మంగళవారం వాడి క్యాన్లు నాలుగు వదిలాను. ట్యాంకు మొత్తానికి నాలుగు చాలు.

బాబాయిది తప్పు కాదు. నాకు తెలుసు. విచారణ మే తొమ్మిది, శనివారం.

నాకు భయం వేస్తోందని నువ్వు అనుకుంటావు. లేదు. కోపమూ లేదు. తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే. నోట్లో పెట్టుకుంటే వేడిగా ఉందా చల్లగా ఉందా అంతవరకే తెలుస్తుంది. పొద్దున లేస్తాను, మూతలు తీస్తాను, వస్తాను. వదిన మాట్లాడితే వింటాను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. నీ బల్లకీ నా అరుగుకీ ఆరడుగులు. మూత తీస్తే అక్కడికి కొడుతుంది, నీ ముక్కు సంగతి నాకు తెలుసు. పులిసిన క్యాన్ అయితే నువ్వు ఒక్కసారి దగ్గు. అంతే. ఇంకేమీ చేయనక్కర్లేదు. ఎవరికీ తెలియదు. నాన్న నడిపిన అరుగు నడుస్తుంది. క్వార్టర్ ఉంటుంది. నాకు ఈ పని తప్ప ఇంకో పని రాదు.

ఫారం పంపు.

అన్నయ్య

*

సీనియర్ గది, ప్రింటింగ్ ప్రెస్సు వెనక వీధి
మే 2

అన్నయ్యకు,

హాస్టల్ ఖాళీ చేశాను. పెట్టె, బకెట్టు, పుస్తకాల మూట. పరీక్షలు బాగానే రాశాను. ఇక్కడ పొద్దంతా ప్రెస్సు చప్పుడు. అది ఆగినప్పుడే చప్పుడు ఉందని తెలుస్తుంది.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. ఫారం మీద మూడు చోట్లా సంతకం పెట్టాను. కవర్లో పెట్టి అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి తెచ్చాను.

నిన్న గదిలో ఎవరూ లేనప్పుడు కూర్చుని దగ్గి చూశాను. బాగానే వచ్చింది. మామూలు దగ్గులాగే ఉంది. ఇంకో రెండు సార్లు దగ్గాను. నేను ఆ పని చేయగలను, రోజూ చేయగలను, ఎవరికీ అనుమానం రాదు. అది తెలిశాక ఇంక దగ్గలేదు.

నాకు రేవు ఊరి మీద మోజేమీ లేదు. ఆ గది మీదా లేదు. మీ పక్క క్వార్టర్‌లో ఉండమంటే ఉంటాను. అందుకే ఇలా రాస్తున్నాను.

తొమ్మిదో తారీఖున విచారణలో నువ్వు లేచి, బాబాయిది కాదు, నాది అని చెప్పు. జ్వరం సంగతి చెప్పు. చెప్పాక వాళ్ళు నీకు ఏ పని ఇచ్చినా, ఏ పనీ ఇవ్వకపోయినా, నేను వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. క్వార్టర్ నా పేరు మీద వస్తుంది, నువ్వూ వదినా అందులో ఉండండి. ప్రతి క్యాన్ నేనే చూస్తాను. రేవు ఊరి వాళ్ళకి రానని రాసేస్తాను.

చెప్పకపోతే రాను. బాబాయి లేని అరుగు పక్కన కూర్చుని నేను దగ్గలేను.

ఫారం నా దగ్గరే ఉంది. చెబితే ఆ రోజే మేనేజరు గారి అనుమతితో ఆఫీసు ఫోను నుంచి ఈ ప్రెస్సుకి చెయ్యి. నంబరు కింద రాశాను. శనివారం ప్రెస్సు మూసేదాకా అక్కడి బల్ల మీదే కూర్చుంటాను. సోమవారం మధ్యాహ్నం దాకా కూడా చూస్తాను. ఫారం నేనే బస్సులో తెచ్చి ఇస్తాను, ఒక రోజు అటూ ఇటూ అయినా మేనేజరు గారు తీసుకుంటారు.

చెల్లి

*

బస్టాండు
మే 12

అన్నయ్యకు,

శనివారం కూర్చున్నాను. ఆదివారం ప్రెస్సుకి సెలవు, అయినా కాపలావాణ్ణి అడిగి కూర్చున్నాను. “ఎవరి ఫోనమ్మా?” అన్నాడు. “అన్నయ్య” అన్నాను. “అన్నయ్యలు చేయరులే, చెల్లెళ్ళే చేయాలి” అన్నాడు. సోమవారం మూడింటి దాకా చూశాను.

మూడున్నరకి రేవు ఊరికి వస్తున్నానని టెలిగ్రాం ఇచ్చాను. ఇప్పుడు పదకొండుంబావు. బస్సు పన్నెండుకి. ఫారం చింపలేదు, పుస్తకాల మధ్య ఉండిపోయింది.

పరుపుల కొట్టావిడ గది ఇంకా ఖాళీగానే ఉందట. చిరునామా వెనక రాశాను.

చెల్లి

*

పాల కేంద్రం క్వార్టర్స్
మే 17

బుల్లిముక్కుకు,

నీ కార్డు మొన్న వచ్చింది. రెండు రోజులుగా వేడిగాలి. క్యాన్లు నూట నలభై, ఎన్నొచ్చాయో ఇప్పుడు వేరే వాళ్ళు చెబితే వింటున్నాను.

నువ్వు మే రెండున రాసిన ఉత్తరం ఐదో తారీఖునే అందింది. చొక్కా జేబులో పెట్టుకున్నాను. శనివారం కూడా జేబులోనే ఉంది.

విచారణకి ఇద్దరు వచ్చారు. మేనేజరు గారి గదిలోనే పెట్టారు. బాబాయిని అడిగారు.

“ఆవిరి ఎంతసేపు పెడతావు?”

“ముప్పై అండి.”

“ముప్పై ఏంటి? నిమిషాలా, సెకన్లా?”

“ముప్పై అంటే ముప్పయ్యేనండి. లెక్కపెడతాను.”

వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, “నీ దగ్గరికి వచ్చినప్పుడు పాలు బాగున్నాయా?” అని అడిగారు. బాగున్నాయండి అన్నాను. అది అనడానికి ఏమీ కష్టం కాలేదు. సంతకం పెట్టమంటే పెట్టాను. బాబాయిని పని నుంచి తీసేశామని సాయంత్రమే కాయితం ఇచ్చారు.

బయటికి వచ్చాక మేనేజరు గారి ఫోను వైపు చూశాను. ప్రెస్సు నంబరు నాకు నోటికి వచ్చు.

సోమవారం బాబాయి ట్రంకు పెట్టె నేనే బస్టాండుకి మోశాను. వద్దనలేదు. దారి పొడుగునా ఎండ గురించి మాట్లాడాడు. పెట్టె బస్సు పైకి ఎత్తించాక అన్నాడు, “జనవరి నుంచే తెలుసురా నాకు. నువ్వు వదిలిన క్యాన్లు ఖాళీ అయి కడగడానికి నా దగ్గరికేగా వచ్చేది. అడుగు చూస్తే తెలియదా?”

“మరి శనివారం ఎందుకు చెప్పలేదు బాబాయ్?” అన్నాను.

“నువ్వు చెప్తావని చూశాను” అన్నాడు. బస్సు మెట్టెక్కి మళ్ళీ తిరిగి, “మీ నాన్నకి ముక్కూ ఉండేది, నోరూ ఉండేది. నీకు ముక్కు పోయిందంటే జ్వరం. నోటికేం వచ్చిందిరా?” అన్నాడు. కండక్టరు లోపలికి పదండి పదండి అన్నాడు. బాబాయి కిటికీ పక్కన కూర్చుని అటు వైపు చూశాడు.

ఇంటికి వచ్చి, రేపు వెళ్ళి అన్నీ చెప్పేస్తానని వదినతో అన్నాను. “సరే” అంది. వెళ్ళి అటక మీద నుంచి ఖాళీ పెట్టెలు దింపింది.

తర్వాతి రోజు మేనేజరు గారి గదిలోకి వెళ్ళి జ్వరం దగ్గర నుంచి అన్నీ చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టి విన్నారు. “ఈ ముక్క శనివారం ఏమైంది?” అన్నారు. మళ్ళీ ఆయనే, “ఫైలు పైకి పోయిందయ్యా” అన్నారు. బాబాయిని వెనక్కి పిలవమని అడిగాను. ఎక్కడికి వెళ్ళాడు అన్నారు. కూతురి దగ్గరికి అని తెలుసు, ఏ ఊరో తెలియదు. నేనూ అడగలేదు, బాబాయీ చెప్పలేదు. కనుక్కుని ఉత్తరం రాస్తామన్నారు. రాశారో లేదో.

నన్ను అరుగు మీద నుంచి తీశారు. కడిగే పని ఖాళీగా ఉంది, చేస్తావా అన్నారు. చేస్తానన్నాను. గురువారం నుంచి గొట్టం దగ్గర ఉన్నాను. ముప్పై లెక్కపెడుతున్నాను. ఆవిరి వేడిగా ఉంటుంది, అది తెలుస్తుంది.

కడిగే పనికి క్వార్టర్ లేదు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. బస్టాండు వెనక రేకుల గది ఒకటి చూశాం. వదినకి కుట్టుమిషను పట్టే చోటు ఉంది. నీ బల్లకి పై ఆఫీసు నుంచి ఎవరో అబ్బాయిని పంపుతున్నారు, పక్క క్వార్టర్ అతనికి ఇస్తారు.

నీ ఫారం ఇక పంపకు. రేవు ఊళ్ళో గది ఎలా ఉందో రాయి. మంచం ఏ గోడకి వేశావో రాయి. పక్కింటి గోడ వైపు కిటికీ కాబట్టి తల అటు పెట్టుకోకు.

పాత టెస్టర్ శుక్రవారం సాయంత్రం వెళ్ళాడు. నేను మేనేజరు గారి గదిలోకి వెళ్ళింది మంగళవారం. బాబాయి వెళ్ళింది సోమవారం, పొద్దున తొమ్మిదింటి బస్సుకి. నువ్వు మూడింటి దాకా కూర్చున్నావు.

అన్నయ్య